నవ్వినప్పుడల్లా నొప్పి

మొజంజాహీ మార్కెట్‌లో సీతాఫలం ఐస్‌క్రీమ్ తింటూ మా పాప ఒక సాయంత్రం పెద్దగా కేక పెట్టింది. అప్పుడు తనకు తొమ్మిదేళ్ళు. మా ఆయన పాప చక్రాల కుర్చీ పక్కన స్టూలు వేసుకుని, చెంచాతో కొద్దికొద్దిగా నాలుక మీద పెడుతున్నాడు. మొదటి చెంచాకే ముఖమంతా నవ్వయింది. నవ్వొచ్చిందంటే తన ఒళ్ళంతా నిటారుగా సాగుతుంది. చేతులు పైకి లేస్తాయి, కాళ్ళు కత్తెరలా ఒకదాని మీద ఒకటి పడి బిగుసుకుంటాయి. అది మాకు అలవాటే. కానీ ఆ రోజు నవ్వు సగంలో ఉండగానే కేక వచ్చింది. నోరు ఇంకా నవ్వుతున్నట్టే ఉంది, కళ్ళ నుంచి మాత్రం నీళ్ళు కారుతున్నాయి.

“ఏమైంది బేటా? పంటికి సల్లగ తగిలిందా?” అని మా ఆయన అడిగాడు.

పాప కళ్ళు పైకెత్తింది. మా ఇంట్లో కళ్ళు పైకెత్తితే ఔనని అర్థం, గట్టిగా మూస్తే కాదని. తనకు మాటలు రావు. సరే, పన్నే అనుకుని మిగిలిన ఐస్‌క్రీమ్ వదిలేసి ఇంటికి వచ్చేశాం.

మా పాపకు సెరిబ్రల్ పాల్సీ. నెలలు నిండకుండా పుట్టింది. మెదడు నుంచి కండరాలకు అందాల్సిన కబురు సరిగ్గా అందదనీ, అందుకే అవి ఎప్పుడూ బిగుసుకునే ఉంటాయనీ డాక్టర్లు చెప్పారు. నడవదు, తనంతట తాను కూర్చోలేదు. మనం మాట్లాడేదంతా అర్థమవుతుంది. మా ఇంట్లో రెండు రకాల తెలుగు నడుస్తుంది. మా తాతగారు ఉమ్మడి రాష్ట్రం ఏర్పడిన కొత్తలో కృష్ణా జిల్లా నుంచి వచ్చి కాచిగూడలో స్థిరపడ్డారు, నేను అక్కడే పుట్టి పెరిగాను. మా అత్తగారి వాళ్ళది మొదటి నుంచీ నాంపల్లే. నేను “నొప్పిగా ఉందా తల్లీ” అంటాను, అత్తయ్య “నొస్తుందా బిడ్డా” అంటుంది. పాప ఇద్దరికీ కళ్ళతోనే జవాబు చెబుతుంది.

మా ఆయనకు ఆబిడ్స్‌లో చిన్న కళ్ళద్దాల దుకాణం. ఆ పక్క వీధిలోనే పళ్ళ డాక్టరు ఉంటే మర్నాడు తీసుకెళ్ళాం. నోరు తెరిపించడానికే నలుగురం పట్టుకోవాల్సి వచ్చింది. వెనక దవడలో నిజంగానే ఒక పన్ను పుచ్చింది. డాక్టరు దాన్ని శుభ్రం చేసి నింపాడు. దొంగ దొరికాడన్నంత సంతోషంతో ఇంటికి వచ్చాం. ఆ వారమంతా పాప బాగానే ఉంది. తర్వాత ఒక పొద్దున అత్తయ్య తుమ్మింది.

అత్తయ్య తుమ్మంటే మామూలు తుమ్ము కాదు. కింది వాటాలో వాళ్ళకు కూడా వినిపిస్తుంది. పాపకు లోకంలో దానికి మించిన వినోదం లేదు. అత్తయ్య ముక్కు ముడవగానే వీళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకుంటారు, తుమ్ము రాగానే పాప విరగబడి నవ్వుతుంది. ఆ పొద్దున కూడా నవ్వింది. నవ్వుతూనే కేక పెట్టింది. ఆ కేకకు నా చేతిలో చపాతీ పిండి అలాగే ఉండిపోయింది. నోట్లో ఏమీ లేదు. మరి పంటికి ఏం తగిలినట్టు?

“దిష్టి తగిలింది. మార్కెట్ల గంత మంది నడుమ కూసోబెట్టి తినబెడితే గిట్లనే అయితది,” అంది అత్తయ్య. ఉప్పు, మిరపకాయలు పాప చుట్టూ తిప్పి పారబోసింది. ఆ రోజు సాయంత్రం దాకా పాప మళ్ళీ ఏడవలేదు.

అప్పటి నుంచి ఎప్పుడు ఏడుస్తుందో, ఎందుకు ఏడుస్తుందో పట్టుకోలేక మేం తిరగని దారి లేదు. డైపర్ మార్చేటప్పుడు ఏడిస్తే పొట్టలో మంటేమో అనుకున్నాం. ఆటోలో నాంపల్లి స్టేషన్ ముందు గతుకుల్లో ఏడిస్తే చెవిపోటేమో అనుకున్నాం. పాపకు మలబద్ధకం ఎప్పుడూ ఉన్నదే. పిల్లల డాక్టరు ఒక సిరప్ రాసిచ్చింది. అది వేస్తే రెండు రోజులు హాయిగా ఉంది, మూడో రోజు మళ్ళీ మొదలు. చెవి డాక్టరు చెవిలో గులిమి ఉందన్నాడు. అదీ నిజమే. ఎక్కడ చూసినా ఏదో ఒకటి దొరికేది, దాన్ని బాగు చేయించేవాళ్ళం, ఏడుపు మాత్రం పోయేది కాదు.

పాపనే అడుగుదామని ఒక ఆదివారం మధ్యాహ్నం ముగ్గురం చుట్టూ కూర్చున్నాం.

“పన్ను నొప్పా తల్లీ?” కళ్ళు పైకి.

“పొట్ట?” కళ్ళు పైకి.

“చెవి?” మళ్ళీ పైకే.

మా ఆయన కాసేపు ఆలోచించి, “గోడకు నొస్తుందా బేటా?” అని అడిగాడు. పాప గోడ వంక చూసింది, తర్వాత కళ్ళు పైకెత్తింది.

“ఇగ నాకేం సమజ్ అయితలేదు,” అని ఆయన లేచి దుకాణానికి వెళ్ళిపోయాడు. ఆదివారం దుకాణం తెరవడు. తలుపు వేసుకుని ఊరికే కూర్చున్నానని తర్వాత చెప్పాడు.

నాకు మాత్రం ఆ మధ్యాహ్నం ఒక అనుమానం మొదలైంది. అసలు నొప్పి అనే మాటకు పాపకు తెలిసిన అర్థం ఏమిటి? రోజూ పొద్దున తన కాళ్ళు ఎడంగా చాపించి వ్యాయామం చేయిస్తాం. బిగుసుకున్న కండరాలను అలా సాగదీయకపోతే ఇంకా బిగుసుకుంటాయని ఫిజియోథెరపీ దగ్గర నేర్పారు. అలా చేయిస్తున్నంతసేపూ నేనూ, అత్తయ్యా “నొప్పి లేదు, నొప్పి లేదు, అయిపోయింది తల్లీ” అని పాటలా అంటూనే ఉంటాం. పసిగుడ్డుగా ఉన్నప్పటి నుంచీ అంతే. అంటే తొడల్లో కలిగే ఆ బాధ పేరు “నొప్పి లేదు” అని తను నేర్చుకుందా? అలాగైతే “నొప్పా?” అని అడిగితే ఏం చెప్పాలి? బళ్ళో రెండో తరగతి పిల్లలకు మాటలకు అర్థాలు చెప్పే దాన్ని నేను. ఈ ఒక్క మాట దగ్గర ఆగిపోయాను.

ఆ నెలల్లోనే ఇంకొకటి కూడా జరిగింది, మేం దాన్ని గమనించలేదు. పాప చిన్నప్పుడు నా నడుము మీద అటో కాలు ఇటో కాలు వేసుకుని కూర్చునేది. అలాగే ఎత్తుకుని మెట్లు దిగేదాన్ని. ఆ ఏడాది కాళ్ళు అలా విడిపోవడం మానేశాయి. రెండు చేతుల మీద అడ్డంగా మోసుకుని దింపాల్సి వచ్చేది. పొడుగైంది కదా, అందుకే అనుకున్నాను.

చివరకు పిల్లల డాక్టరు పొట్టకు ఎక్స్‌రే తీయించమంది. మలం ఎంత పేరుకుందో చూద్దామని. ఆ ఫిల్మును ఆవిడ లైటుకు పెట్టి చూస్తూ చూస్తూ వేలు కిందికి జరిపింది.

“పొట్టలో పెద్దగా ఏం లేదమ్మా. మీరు ఇది చూశారా?”

నాకు తెల్లటి ఎముకలు కనిపించాయి, అంతే.

“తొడ ఎముక పైన ఈ గుండ్రటి బంతి ఉంది కదా. ఇది ఈ గిన్నెలో కూర్చుని ఉండాలి. ఎడమ వైపు చూడండి. సగానికి పైగా బయటికి వచ్చేసింది. తుంటి జారిపోతోంది.”

“పడిపోలేదు డాక్టర్. ఎక్కడా దెబ్బ తగల్లేదు,” అన్నాను.

“దెబ్బ వల్ల కాదు. కండరాలు లోపలికి లాగి లాగి మెల్లమెల్లగా జరిపేస్తాయి. ఈ పిల్లల్లో ఇది చాలా మందికి అవుతుంది. కొందరికి నొప్పే ఉండదు, కొందరికి బాగా ఉంటుంది.”

మా ఆయన ఫిల్ము దగ్గరికి వంగి చూశాడు. “మరి నవ్వినప్పుడు ఎందుకేడుస్తది డాక్టర్ సాబ్?” అని అడిగాడు.

ఆవిడ ఫిల్ము దించి మా వైపు తిరిగింది. “సంతోషం వచ్చినా, భయం వేసినా, ఏదైనా గట్టిగా చప్పుడైనా వీళ్ళ కండరాలు ఒక్కసారిగా బిగుసుకుంటాయి. బిగుసుకున్నప్పుడల్లా ఆ జారిన ఎముకను ఇంకా లాగుతాయి. అప్పుడు నొప్పి. నొప్పి పుడితే మళ్ళీ బిగుసుకుంటాయి.”

“అంటే బిగుసుకుంటే నొప్పా, నొప్పి వల్ల బిగుసుకుంటుందా?” అన్నాను నేను.

“రెండూనమ్మా,” అంది ఆవిడ.

ఆటోలో ఇంటికి వస్తుంటే నాకు నాలుగైదు నెలలు వెనక్కి తిరిగి కనిపించాయి. ఐస్‌క్రీమ్. తుమ్ము. వాళ్ళ నాన్న మెట్లెక్కుతున్న చెప్పుల చప్పుడు. తనకు ఇష్టమైనవన్నీ వరుసగా తనను కొడుతూ వచ్చాయి. అది తట్టక మేం పన్నూ, పొట్టా, చెవీ వెతుక్కుంటూ తిరిగాం. అత్తయ్యకూ ఈ సంగతి చెప్పాను. ఆ రోజు నుంచి తుమ్ము వస్తే చీర కొంగు నోట్లో కుక్కుకుని స్నానాల గదిలోకి పరుగెత్తేది. “నాతోని గూడ పిల్లకు నొస్తున్నదంటే ఎట్లనే?” అని నన్నే అడిగేది.

ఏమిటో తెలిసింది కదా, ఇక తికమక తీరిందనుకున్నాను. అసలు తికమక అక్కడే మొదలైంది.

పిల్లల ఎముకల డాక్టరొకాయన ఆపరేషన్ త్వరగా చేయించమన్నాడు. తొడ ఎముకను కోసి, కోణం మార్చి, ప్లేటు వేసి బంతిని గిన్నెలో కూర్చోబెడతామన్నాడు. ఆలస్యం చేస్తే ఎముక అరిగి, తర్వాత చేసినా నొప్పి ఉండిపోవచ్చన్నాడు. ఇంకొక దవాఖానలో ఇంకొక డాక్టరు, తొందరేమీ లేదు, ముందు తొడ కండరాల్లో బిగువు తగ్గించే ఇంజెక్షన్ ఇద్దాం, నోటికి మాత్రలు వేద్దాం, కొన్ని నెలలు చూద్దాం అన్నాడు. ఇద్దరూ ఓపికగానే చెప్పారు. ఇద్దరి మాటా సబబుగానే ఉంది.

ముందు ఇంజెక్షన్లు, మాత్రలు అనుకున్నాం. ఇంజెక్షన్ ఇప్పించి, మాత్రలు మొదలుపెట్టాక పాప మెత్తబడింది. కాళ్ళు కొంచెం తేలిగ్గా విడివడ్డాయి, ఏడుపు తగ్గింది. కానీ తల నిలపడం మానేసింది. అన్నం ముద్ద నోట్లో ఉండగానే కునికిపాట్లు పడేది. వాళ్ళ నాన్న వచ్చినా, పిలిచినా నవ్వేది కాదు.

“నొప్పి తగ్గిందా, పిల్ల నిద్రల ఉందా? నాకైతే సమజ్ గాలే,” అనేవాడు మా ఆయన.

మోతాదు తగ్గించారు. మెలకువ వచ్చింది, దానితో ఏడుపూ వచ్చింది.

మా ఇద్దరి మధ్య వాదన మొదలైంది. నేను ఆపరేషన్ చేయిద్దామన్నాను. ఆయన వద్దన్నాడు. “నడవని పిల్లకు ఎముకలు కోసుడెందుకే? తుంటి సక్కగైతే లేసి నడుస్తదా?” అన్నాడు. నడవదు. డాక్టరు ఆ మాట ముందే చెప్పాడు. నడక కోసం కాదు, నొప్పి లేకుండా కూర్చోవడానికి, పడుకోవడానికి, శుభ్రం చేయడానికి అని చెప్పాడు. నేను అదంతా ఆయనకు వారం రోజులు చెప్పాను. ఆయన తన భయాలన్నీ నాకు చెప్పాడు. మత్తు మందు, రక్తం, సిమెంటు పట్టీ. ఆ వారం చివర ఆయన “సరే, నువ్వన్నదే నిజం, చేయిద్దాం” అన్నాడు. అప్పటికి నేను “మీరన్నదే నిజమేమో, ఆగుదామండీ” అనే దగ్గరికి వచ్చేశాను. ఒకరినొకరు చూసుకుని నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాం, ఈసారి ఆయన నా మాటలతో, నేను ఆయన మాటలతో.

పాపనూ అడిగాను. తన ఒళ్ళు కదా. ఎక్స్‌రే చూపించి, బంతీ గిన్నే చెప్పి, కోస్తారనీ, చాలా రోజులు కాళ్ళకు పట్టీ ఉంటుందనీ, ముందు నొప్పి ఎక్కువవుతుందనీ, తర్వాత తగ్గుతుందనీ చెప్పాను. “చేయిద్దామా తల్లీ?” అన్నాను. కళ్ళు పైకెత్తింది. కాసేపు ఆగి గట్టిగా మూసింది. మళ్ళీ పైకెత్తింది. ఇంట్లో అందరిలాగే తనకూ తెలియడం లేదని అర్థమైంది. అది చూసి నాకెందుకో కొంచెం ధైర్యం వచ్చింది.

చివరికి తేల్చింది వేరే సంగతి. మా ఆయన సాయంత్రం దుకాణం నుంచి రాగానే పాప తల గోడ వైపు తిప్పుకోవడం మొదలుపెట్టింది. పిలిచినా చూసేది కాదు. తల తిప్పడం తనకు ఎంత కష్టమో మాకు తెలుసు. అంత కష్టపడి మరీ తిప్పుకునేది. నాన్న మీద కోపం వచ్చిందనుకున్నాం. ఇంజెక్షన్ దగ్గర గట్టిగా పట్టుకున్నాడు కదా, అందుకేమో అనుకున్నాం. ఆయన మంచం పక్కన నిలబడి, “నేనేం జేసిన బేటా? జర ఇటు సూడు,” అని బతిమాలేవాడు. అప్పుడు పాప పెదవులు బిగబట్టి, కళ్ళు గోడకు అతికించి పడుకునేది. గోడ పక్కకు వెళ్ళి వంగి తన ముఖం చూశాను. అది కోపం కాదు. నవ్వు రాకుండా ఆపుకుంటోంది. నాన్నను చూస్తే నవ్వొస్తుంది, నవ్వితే నొస్తుంది, అందుకని చూడడం మానేసింది.

నిజంగా అందుకేనా? ఇప్పటికీ నేను గట్టిగా చెప్పలేను. కానీ ఆయనకు ఆ మాట చెప్పగానే మంచం అంచున కూర్చుండిపోయాడు. ఆ రాత్రి మేం మళ్ళీ వాదించుకోలేదు. పొద్దున్నే ఎముకల డాక్టరుకు ఫోను చేశాం.

ఆపరేషన్ గది ముందు బెంచీ మీద అత్తయ్య నా చెయ్యి వదల్లేదు. మధ్యలో ఒకసారి, “నువ్వు వద్దంటివా, నా కొడుకు వద్దన్నడా? మర్సిపోయిన,” అంది. “ఇద్దరం అన్నామత్తయ్యా,” అన్నాను. “మంచిగైంది. అట్లైతే ఇద్దరిని తిట్టొచ్చు,” అంది. కళ్ళు మాత్రం తలుపు మీదే ఉన్నాయి.

నడుము నుంచి పాదాల దాకా సిమెంటు పట్టీ వేసి, రెండు కాళ్ళ మధ్య కర్ర అడ్డంగా పెట్టి తీసుకొచ్చారు. మొదటి రోజులు చాలా చెడ్డగా గడిచాయి. కండరాలు ఉండి ఉండి పట్టీ లోపలే బిగుసుకునేవి. పాప అరిచే అరుపుకు మా ఆయన వరండాలోకి వెళ్ళిపోయేవాడు. “తప్పు చేసినమానే?” అని తిరిగి వచ్చి అడిగేవాడు. డాక్టరు మందు మార్చాడు, ఇది తగ్గుతుందన్నాడు. తగ్గడానికి మేం అనుకున్నదాని కంటే చాలా రోజులు పట్టింది. ఆ కర్ర వల్ల పాపను మా ఇరుకు మెట్ల మీద దింపడం సోఫాను దింపడంలా ఉండేది. పక్కకు ఒరిగించి, పైకెత్తి, మలుపులో ఆగి దింపేవాళ్ళం.

పట్టీ విప్పిన రోజు లోపల కాళ్ళు పుల్లల్లా ఉన్నాయి. నేను వాటిని చూడలేకపోయాను. వరండాలో ఎవరో అప్పుడే తడిగుడ్డ పెట్టారు. మా ఆయన చక్రాల కుర్చీ తీసుకురావడానికి గబగబా వెళ్తూ జారి, అందరి ముందూ చతికిలబడ్డాడు. పాప స్ట్రెచర్ మీద నుంచి చూసింది. ఒళ్ళంతా సాగింది, చేతులు లేచాయి, నోరు తెరిచి నవ్వింది. మేం ముగ్గురం ఊపిరి బిగబట్టి కేక కోసం చూశాం. నవ్వు నవ్వుగానే అయిపోయింది. కళ్ళలో నీళ్ళు ఉన్నాయి, అవి నవ్వువో నొప్పివో తెలియలేదు. ఆయన లేవకుండా నేల మీదే కూర్చుని అడిగాడు, “ఇంకోసారి పడుమంటవా బేటా?”

పాప కళ్ళు పైకెత్తింది. ఆయన ఇంకోసారి పడ్డాడు.

అది జరిగి ఏడాది దాటింది. పాప ఇప్పుడు కుర్చీలో ఎక్కువసేపు కూర్చుంటుంది. బట్టలు మార్చడం తేలికైంది. నొప్పి పూర్తిగా పోయిందని చెప్పలేను. చలి రోజుల్లో, జ్వరం వచ్చినప్పుడు కాళ్ళు మళ్ళీ బిగుసుకుంటాయి. కుడి తుంటి కూడా కొంచెం జరుగుతున్నట్టుందని డాక్టరు అన్నాడు. అప్పుడప్పుడు ఎక్స్‌రే తీసి చూస్తున్నారు. దానికి ఏం చేయాలో మేం ఇంకా మాట్లాడుకోలేదు. మాట్లాడుకుంటే ఎవరు ఏ పక్కన ఉంటారో కూడా తెలియదు.

మొన్న మధ్యాహ్నం నేను బడి నుంచి వచ్చేసరికి పాప ఏడుస్తోంది. అత్తయ్య మందుల పెట్టె ముందు నిలబడి ఉంది.

“తుంటినా, పొట్టనా? అడిగితే అన్నిటికీ ఔనంటున్నది,” అంది. “లేకుంటే నేను టీవీ బంద్ చేసిననని కోపమా? సీరియల్ నడుమ కరెంటు బిల్లు పిలగాడు పిలిస్తే బంద్ చేసి పోయిన.”

పాపకు పదకొండేళ్ళు వచ్చాయి. ఈ మధ్య కోపాలు కూడా వస్తున్నాయి. నేను చెప్పులైనా విప్పకుండా వెళ్ళి, బేగం బజార్‌లో కుట్టించిన దూది దిండును తన మోకాళ్ళ మధ్య సర్ది, కాళ్ళు కొంచెం ఎడం చేశాను. అదే సమయానికి అత్తయ్య టీవీ పెట్టింది. ఏడుపు ఆగిపోయింది. దేనికి ఆగిందో మా ఇద్దరికీ తెలియలేదు. పాపను అడిగితే తెర మీద నుంచి చూపు తిప్పలేదు.